సబ్బు తయారీలోకి త్రాసు వచ్చిన కథ

ఇంట్లో సబ్బు చేయదలచిన వారికి నూనె, కాస్టిక్ సోడాలతోపాటు త్రాసు కూడా తప్పనిసరి. 100 గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే తూకం గల ఆలివ్ నూనెకు పదమూడున్నర గ్రాములు చాలు. ఈ లెక్క మనకు ఎట్లా లభించింది?

సబ్బు పురాతనమైనదే, లెక్క మాత్రం కొత్తది. పూర్వం కట్టెల బూడిదను నీటిలో నానవేసి, తేరిన క్షారజలంతో క్రొవ్వును కాచేవారు. అమెరికాలో స్థిరపడిన వలస కుటుంబాలవారు ఆ జలంలో కోడిగ్రుడ్డును వేసి, అది తేలే తీరును బట్టి బలాన్ని అంచనా కట్టేవారు. అంచనా తప్పితే చిక్కే. క్షారం తగ్గితే సబ్బు జిడ్డుగా ఉంటుంది. మిక్కుటమైతే చర్మం మండుతుంది. ఫ్రాన్సులోని మార్సెయ్ నగరపు సబ్బుకు ఆలివ్ నూనె తప్ప జంతువుల క్రొవ్వు వాడరాదని 1688లో రాజశాసనం వెలువడింది. అది నాణ్యతను కాపాడిందే గాని, కారణాన్ని తెలుపలేదు.

ఆ సబ్బుకు కావలసిన సోడాను సముద్రతీరపు మొక్కల బూడిద నుండి తీసేవారు. మన పల్లెలలో రజకులు బట్టలకు వాడిన చవుడులో ఉన్నదీ ముఖ్యంగా ఈ సోడాయే. ఉప్పు, గంధకామ్లం, సున్నపురాయి, బొగ్గులతో సోడాను చేసే విధానానికి నికొలా లెబ్లాంక్ 1791లో పేటెంటు పొందాడు. విప్లవకాలంలో అతని కర్మాగారం చేజారింది. నిరుపేదయై, 1806లో ఆత్మహత్య చేసుకొన్నాడు. అతని విధానం మాత్రం తరువాత ఐరోపా అంతటా వ్యాపించింది.

ఇక కారణాన్ని కనుగొన్నవాడు మిషెల్ షెవ్రల్. 1811లో పంది క్రొవ్వుతో చేసిన ఒక సబ్బును పరీక్షించడంతో అతని పరిశోధన మొదలయింది. క్షారం క్రొవ్వుతో ఊరక కలిసిపోవడం లేదనీ, దానిని విడదీస్తున్నదనీ అతడు గ్రహించాడు. విడివడిన క్రొవ్వు ఆమ్లాలు క్షారంతో కూడి సబ్బు అవుతాయి, గ్లిసరిన్ వేరుపడుతుంది. ఈ ఫలితాలను 1823లో గ్రంథంగా ప్రకటించాడు.

దీనితో తేడా తేటపడుతుంది. కొబ్బరినూనెలోని ఆమ్లాల అణువులు ఎక్కువగా చిన్నవి. కనుక అదే తూకంలో వాటి సంఖ్య హెచ్చు. క్షారమూ హెచ్చుగా కావాలి. వెన్నలో కల్తీని పట్టడానికి కోట్‌స్టార్ఫర్ 1879లో ఈ క్షార పరిమాణాన్నే కొలిచే పద్ధతిని ఏర్పరచాడు. నేడు సబ్బుకు వాడే పట్టికలలోని అంకెలు ఈ కొలతకు సంబంధించినవే.

పాఠశాలలో ఈ ప్రయోగం చేయించే ఉపాధ్యాయులు కళ్లద్దాలు, చేతితొడుగులు సమకూర్చుకోవాలి. కాస్టిక్ సోడానే నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. దానిపై నీరు పోయరాదు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. కొంత నూనె మిగిలేటట్లు సోడాను లెక్కకు కాస్త తగ్గించి తూచడం మంచిది. గ్రుడ్డు చెప్పలేని సంగతిని త్రాసు చెపుతుంది.