నిజచిత్రం, ఉత్తుత్తి చిత్రం

సినిమా పుట్టి మూడేళ్ళు నిండకముందే అబద్ధమాడటం నేర్చుకుంది. 1895 డిసెంబరులో పారిస్‌లో ల్యూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించారు. 1898లో క్యూబా తీరాన అమెరికాకూ స్పెయిన్‌కూ నౌకాయుద్ధం జరిగింది. దాన్ని తెరమీద చూడాలని జనం ఉవ్విళ్ళూరారు. న్యూయార్కులో ఆల్బర్ట్ స్మిత్, స్టూవర్ట్ బ్లాక్‌టన్ అనే ఇద్దరు యువకులు ఓడల ఫొటోలు కత్తిరించి, నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, చిటికెడు తుపాకిమందు పేల్చి, చుట్టపొగ ఊది ఆ యుద్ధాన్ని తయారుచేశారు. ఈ సంగతి స్మిత్ తర్వాత తన జ్ఞాపకాలలో తానే రాసుకున్నాడు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సినిమా శాస్త్రం చదువుకోలేదు. కానీ అసలు కాగితానికీ నకిలీ కాగితానికీ తేడా చూడటం మా వృత్తిలో రోజూ ఉండే పని. ఆ కళ్ళతోనే డాక్యుమెంటరీలనూ, వాటి వేషం వేసుకుని వచ్చే 'మాక్యుమెంటరీ'లనూ చూస్తూ వచ్చాను. మాక్యుమెంటరీ అంటే ఉత్తుత్తి డాక్యుమెంటరీ. కథ కల్పితం, తీసే తీరు మాత్రం నిజచిత్రానిది.

ముందు నిజచిత్రం సంగతి చూద్దాం. రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో విడుదల చేసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' ఈ జాతి చిత్రాలకు మూలపురుషుడి వంటిది. కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున మంచులో బతికే ఇన్యుయిట్ల జీవితం అది. అంతకుముందు తీసిన ఫిల్మంతా 1916లో సిగరెట్టు నిప్పు పడి కాలిపోతే, ఆ మనిషి మళ్ళీ అంత దూరం వెళ్ళి మళ్ళీ తీశాడు. ఆయన దీక్షను శంకించలేం. అయితే నానూక్‌గా కనిపించిన వేటగాడి అసలు పేరు అల్లకారియల్లక్. అప్పటికే ఆ జనం తుపాకులు వాడుతున్నారు. ఫ్లాహర్టీ మాత్రం పాతకాలపు ఈటెతోనే వాల్రస్‌ను వేటాడమన్నాడు. మంచు ఇంట్లో కెమెరాకు చాలినంత వెలుతురు లేదు. అందుకని పెద్ద ఇల్లు కట్టించి, ఒక పక్క గోడ తీయించి, ఆ చలిలో కుటుంబాన్ని నిద్ర నటించమన్నాడు. 'డాక్యుమెంటరీ' అన్న మాటను 1926లో జాన్ గ్రియర్సన్ వాడింది కూడా ఈ ఫ్లాహర్టీ తీసిన రెండో చిత్రం 'మొవానా' మీద రాసిన సమీక్షలోనే. అంటే ఆ పేరు పుట్టేనాటికే నిజచిత్రంలో నటన కొంత కలిసిపోయి ఉంది.

ఆ రోజుల్లో కెమెరా బరువు. దాన్ని ముక్కాలిపీట మీద నిలబెట్టాలి. మనుషులే దాని ముందుకు రావాలి. 1960లో ఈ పరిస్థితి మారింది. రాబర్ట్ డ్రూ బృందం తేలికపాటి కెమెరాలూ, వెంట మోసుకుపోగల శబ్దయంత్రాలూ తీసుకుని విస్కాన్సిన్ రాష్ట్రంలో కెనడీ, హంఫ్రీల ఎన్నికల ప్రచారం వెంట తిరిగి 'ప్రైమరీ' తీసింది. కెనడీ జనంలోంచి నడిచిపోతుంటే, ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరాను తల పైకెత్తి పట్టుకుని వెనకే నడిచాడు. బొమ్మ వణికింది, ఊగింది. కానీ చూసేవాడికి తానూ ఆ గుంపులో ఉన్నట్టనిపించింది. ఆ వణుకు ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. నడుస్తూ తీస్తే వచ్చిన వణుకు.

నిజచిత్రం తీసేవాడికి తరువాతి క్షణం ఏం జరుగుతుందో తెలియదు. ఎవరో మాట్లాడటం మొదలుపెట్టాక కెమెరా అటు తిరుగుతుంది. ఆలస్యంగా తిరుగుతుంది. ముఖం మసకగా పడి, ఆపైన స్పష్టమవుతుంది. ఉత్తుత్తి చిత్రం తీసేవాడికి ఎవరు ఎప్పుడు నోరు విప్పుతారో ముందే తెలిసినా, కెమెరాను కావాలనే ఆలస్యంగా తిప్పుతాడు. తడబాటును కూడా సాధన చేస్తాడన్నమాట. రాబ్ రైనర్ 1984లో తీసిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' చూడండి. లేని పాటల బృందం వెంట తిరిగే కెమెరా, వేదిక వెనక చీకట్లో దారి వెతుక్కోవడం, మధ్యమధ్య కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడగడం అన్నీ నిజచిత్రం లక్షణాలే. ఆ బృందం నిజంగా ఉందనుకున్న ప్రేక్షకులూ ఉన్నారు.

వుడీ ఆలెన్ 'జెలిగ్' (1983) పాతకాలపు వార్తాచిత్రాన్ని అనుకరించింది. ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ పాత కటకాలు వెతికి తెచ్చాడు. కొత్త ఫిల్ము మీద గీతలు పడేట్టు చేశారు. పైగా సూసన్ సొంటాగ్ వంటి నిజమైన రచయితలు తెరమీదికొచ్చి, పుట్టని మనిషి గురించి గంభీరంగా విశ్లేషించారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది పెద్దమనిషి పూచీకత్తు.

సంతకం విషయంలో మా అనుభవం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఏ మనిషీ రెండుసార్లు అచ్చు ఒకేలా సంతకం చేయడు. నమూనా కార్డు మీది సంతకంతో చెక్కు మీది సంతకం పొల్లుపోకుండా సరిపోతే అనుభవజ్ఞుడికి అనుమానం వస్తుంది. మంచి ఫోర్జరీదారు ఆ చిన్న తేడాను కూడా నేర్చుకుంటాడు. మాక్యుమెంటరీ చేసేది అదే. మనం దేన్ని చూసి నమ్ముతున్నామో కనిపెట్టి, దాన్నే అనుకరిస్తుంది.

మనం నమ్మేవాటిలో గొంతు ఒకటి. 1957 ఏప్రిల్ 1న బి.బి.సి. 'పనోరమా' కార్యక్రమంలో, స్విట్జర్లాండులో స్పగెట్టీ పంట చెట్ల నుంచి కోస్తున్నట్టు చూపించారు. స్పగెట్టీ అంటే మన సేమ్యాకు అన్నగారి వంటిది. స్పగెట్టీని కొమ్మలకు వేలాడదీశారు, అంతే. వ్యాఖ్యానం మాత్రం రిచర్డ్ డింబుల్‌బీది. దేశమంతా గౌరవించే గొంతు అది. ఆ చెట్టు ఎలా పెంచాలని ఫోన్లు చేసినవారున్నారు. నవ్వుకునే ముందు మన సంగతీ చూసుకోవాలి. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలను అసలు సినిమాకు ముందు హాళ్ళలో వేసేవారు. బళ్ళారిలో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే నా వంటి పిల్లలకు ఆ హిందీ వ్యాఖ్యానం సగమే అర్థమయ్యేది. అయినా పూర్తిగా నమ్మేవాళ్ళం. ఆ గొంతులో ఉన్న బరువు అటువంటిది.

ఉత్తుత్తి పద్ధతి ఎప్పుడూ నవ్వించడానికే అనుకోరాదు. పీటర్ వాట్కిన్స్ 1965లో తీసిన 'ది వార్ గేమ్' ఇంగ్లండు మీద అణుబాంబు పడితే ఏమవుతుందో వార్తాచిత్రం పద్ధతిలో చూపింది. కెంట్ ప్రాంతపు మామూలు మనుషులే నటులు. కెమెరా చేత్తో పట్టుకున్నది. చూసినవాళ్ళు తట్టుకోలేరని బి.బి.సి. దాన్ని ఆపేసింది. 1985లో గానీ టెలివిజన్‌లో వేయలేదు. ఈలోగా అదే చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది! జరగని సంఘటన చిత్రానికి నిజచిత్రం బహుమతి.

కాబట్టి తీసే పద్ధతిని బట్టి నిజాన్ని తేల్చలేం. నానూక్‌లో కల్పన ఉంది, వార్ గేమ్‌లో నిజముంది. తేడా అంతా చూసేవాడికి ఇచ్చిన మాటలో ఉంది. వార్ గేమ్ అది జరగబోయేదని చెప్పే చూపించింది. స్పైనల్ ట్యాప్ చివరికి నవ్వించి తన గుట్టు తానే విప్పుకుంది. ఫ్లాహర్టీ చిత్రం ఈటె సంగతి చెప్పలేదు. అందువల్ల ప్రపంచం ఇన్యుయిట్లను చాలాకాలం తుపాకి ఎరుగని జనంగానే తలపోసింది.

ఈ చరిత్ర మనకెందుకంటే, ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. బరంపురంలో, హోసూరులో, యానాంలో మన పిల్లలు పెద్దవాళ్ళ మాట, పాట, పెళ్ళితంతు తీసి దాస్తున్నారు. మంచిపని. కానీ షోలాపూరులో మరమగ్గం మీద బతికిన పద్మశాలి తాతను, బొమ్మ బాగుంటుందని చేమగ్గం ముందు కూర్చోబెడితే, అది నానూక్ చేతికిచ్చిన ఈటే అవుతుంది. తన మాటల్లో దొర్లే మరాఠీని తీసేసి మళ్ళీ చెప్పమంటే, మంచు ఇంటి గోడ తీయించినట్టే. రెండు మూడు తరాల తరువాత మనం ఎలా మాట్లాడామో తెలుసుకోవడానికి మన పిల్లలకు వేరే ఆధారం ఉండకపోవచ్చు.

మళ్ళీ చేయించి తీయడం తప్పని నేననను. మరిచిపోయిన లాలిపాటను అమ్మమ్మ మళ్ళీ కూడదీసుకుని పాడితే తీసుకోవలసిందే. అయితే పాసుపుస్తకం పోతే మేం ఇచ్చే రెండో ప్రతి మీద 'నకలు' అని ముద్ర వేస్తాం. ముద్ర ఉన్నంత మాత్రాన దాని విలువ తగ్గదు. అలాగే ఆ బొమ్మ కింద ఒక్క వాక్యం రాయండి: ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు అడిగితే ఎవరు చేసి చూపించారు. ఆమె పాట మధ్యలో ఆగి, మరిచిపోయానురా అని నవ్విన ముక్కను మాత్రం కత్తిరించకండి.