హ్యారీ ప్యాచ్

హ్యారీ ప్యాచ్ (17 జూన్ 1898 – 25 జులై 2009) మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగపు కందకాల్లో పోరాడినవారిలో చివరి వరకూ జీవించి ఉన్న సైనికుడు. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, బాత్ నగరం సమీపాన ఉన్న కూమ్ డౌన్‌లో జన్మించాడు. తండ్రి తాపీ మేస్త్రీ. 15వ ఏట బడి మాని ప్లంబింగ్ పని నేర్చుకున్నాడు.

1916లో నిర్బంధ సైనిక సేవకు ఎంపికై, డ్యూక్ ఆఫ్ కార్న్‌వాల్స్ లైట్ ఇన్‌ఫెంట్రీ 7వ బెటాలియన్‌లో లూయిస్ మెషిన్‌గన్ దళ సభ్యుడిగా పనిచేశాడు. 1917లో బెల్జియంలోని పాషెన్‌డేల్ పోరులో పాల్గొన్నాడు. ఆ ఏడాది సెప్టెంబరు 22న ఫిరంగి గుండు పేలి అతడు గాయపడగా, అదే దళంలోని ముగ్గురు సహచరులు మరణించారు. ఆ తర్వాత అతడు తిరిగి యుద్ధరంగానికి వెళ్లలేదు.

1919లో వివాహం చేసుకున్నాడు. ఇద్దరు కుమారులు. 1976లో భార్య మరణించేవరకూ 57 ఏళ్లు సాగిన దాంపత్యం అది. 1980లో పునర్వివాహం చేసుకోగా, రెండో భార్య 1984లో మరణించింది. కుమారులిద్దరూ అతని కంటే ముందే చనిపోయారు. బ్రిస్టల్‌లోని విల్స్ స్మారక భవన నిర్మాణంలో ప్లంబర్‌గా పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాత్‌లో అగ్నిమాపక సేవలందించాడు.

1998 వరకూ యుద్ధానుభవాలను బహిరంగంగా వెల్లడించలేదు. ఆత్మకథ 2007లో వెలువడింది. ఫ్రాన్స్ ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్‌తో సత్కరించింది. 2009 ఆగస్టు 6న వెల్స్ కెథెడ్రల్‌లో జరిగిన అంత్యక్రియల్లో, అతని కోరిక మేరకు ఆయుధాలను అనుమతించలేదు. శవపేటిక వెంట బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీ సైనికులు నడిచారు.