తాగుడు మానినాయన ఇంకో తాగుబోతు కోసం వెతికిన కథ

ఈసారి పంట సంగతి కాదు. పోస్టు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

తాగుడు మాన్పించే పొడి, మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి అని బస్టాండు గోడల మీద కాగితాలు చూస్తుంటాం. మా వైపు ఆ పొడికి డబ్బులు తగలేసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. తాగేవాళ్లే కూర్చుని మాట్లాడుకునే మీటింగు ఒకటుందని, అది 1935లోనే పుట్టిందని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అని ఒక ఊరు. టైర్ల మీద గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ అని పేర్లు చూస్తాం కదా, ఆ కంపెనీలు పుట్టింది అక్కడే. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఒక కంపెనీ వ్యవహారం మీద ఆ ఊరు వచ్చాడు. పని చెడింది. జేబులో డబ్బు కూడా పెద్దగా లేదు. తాగి తాగి ఆస్పత్రి పాలై, మానేసి అప్పటికి ఐదు నెలలే. సాయంత్రం హోటల్ హాల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బారు, లోపల నుంచి నవ్వులు. ఇంకో పక్క ఫోను, దాని దగ్గర ఊళ్లో ఉన్న చర్చిల జాబితా.

ఫోను వైపే నడిచాడు. ఒక పాస్టరుకు ఫోన్ చేసి, మీ ఊళ్లో తాగుడు మానలేక అవస్థ పడే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, నేను మాట్లాడాలి అన్నాడు. పేరు మీద పేరు తిరిగి చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆమె దొరికింది. గుడ్‌ఇయర్ పెట్టినాయన కోడలు ఆమె. ఆమెకు తెలిసినాయనే డాక్టర్ బాబ్ స్మిత్. ఆపరేషన్లు చేసే డాక్టరు! ఆ రోజు తాగి లేవలేని స్థితిలో ఉన్నాడు. మర్నాడు ఆదివారం, మే 12న వచ్చాడు. పావుగంటే ఉంటానని ముందే చెప్పాడంట. సాయంత్రం 5 గంటలకు కూర్చున్నవాళ్లు లేచేసరికి రాత్రి 11 అయింది.

మందు తాగితే లివరు ఏమవుతుందో డాక్టరుకు ఒకరు చెప్పాలా? ఇంట్లోవాళ్ల బాధ కళ్లారా చూస్తూనే ఉన్నాడు. వచ్చినాయన ఆ మాటలేవీ ఎత్తలేదు. తన సంగతి తను చెప్పుకున్నాడు. పైగా ఇంకొకరిని బాగుచేద్దామని రాలేదు, తను మళ్లీ తాగకుండా ఉండటానికి ఆ మాటలు ఆయనకే అవసరం. నా లెక్కలో ఈ కథకంతా ఆయువుపట్టు ఇదే.

అక్కడితో అయిపోయిందనుకోకండి. కొద్ది వారాలకే బాబ్ డాక్టర్ల సభకని వేరే ఊరు పోయి మళ్లీ తాగాడు. ఆఖరిసారి తాగింది జూన్ 10న, ఆపరేషన్ చేసే చెయ్యి వణక్కుండా ఒక బీరు. ఆ తర్వాత 1950లో పోయేదాకా ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానికి ఆ జూన్ 10నే పుట్టినరోజు. అనానిమస్ అంటే పేరు బయటపెట్టనివాళ్లు అని. 1939లో పుస్తకం వేసేనాటికి సుమారు వంద మంది. 1941లో ఒక పెద్ద పత్రిక వీళ్ల గురించి రాసింది, ఆ ఏడాదిలోనే 2 వేల మంది 8 వేలయ్యారు.

ఇంకోటి గమనించండి. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది. అది ఎత్తేసిన రెండేళ్లకు ఈ మీటింగు పుట్టింది. మనకూ అట్లాంటి చరిత్రే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా సడలిపోయింది. ఆ ఉద్యమం నుంచి మిగిలింది పొదుపు సంఘాలు. అందుకే మన ఊళ్లలో ఆడవాళ్లకు గుండ్రంగా కూర్చుని కష్టం చెప్పుకోవడం వచ్చు. మగవాళ్లకు రచ్చబండ ఉంది గానీ, అక్కడ ధరలు, రాజకీయాలు తప్ప సొంత ఇంటి మాట రాదు.

ఇక వెళ్లదలచినవాళ్లకు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఈ మీటింగులు జరుగుతాయి. సంఘం వెబ్‌సైటులో ఊరు పేరు కొట్టి చూడొచ్చు. ప్రభుత్వాస్పత్రి మానసిక వైద్య విభాగంలో అడగొచ్చు. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు. మీటింగులో ఫీజు ఉండదు. మానాలనే కోరిక ఉంటే చాలు. కొన్నిచోట్ల చర్చి గదుల్లో పెడతారు, మతం మారుస్తారని భయపడొద్దు, గది దొరికింది కాబట్టి అక్కడ పెడతారు. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే సంఘం ఉంది, 1951లో పెట్టినవాళ్లలో బిల్ భార్య లోయిస్ ఒకరు.

ఒక జాగ్రత్త. పొద్దున లేవగానే మందు పడితేగానీ చెయ్యి నిలవని మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత మీటింగుకు. బిల్ విల్సన్ కూడా ఆస్పత్రిలో చేరే మానాడు.

మా ఊరి నుంచి టౌనుకు ఆఖరి బస్సు తొందరగా అయిపోతుంది, మీటింగులు ఎక్కువగా సాయంత్రాలే. మనవాళ్లు వెళ్లకపోవడానికి సిగ్గు సగం కారణమైతే ఇది సగం. మా ఊరు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా వెళ్తానంటే నా బండి మీద తీసుకెళ్లి, బయటే కూర్చుని, రాత్రికి ఇంటి దగ్గర దింపుతాను. ఇక్కడ పేరు రాయొద్దు. నేరుగా ఫోన్ చెయ్యండి, లేదంటే పొద్దున పూట పొలం దగ్గరే ఉంటాను, రండి.