దేహపు క్రొవ్వులో దొరకిన సాక్ష్యము

చలికాలములో నేయి పేరుకొనును; నువ్వులనూనె పేరుకొనదు. నూనెలోని క్రొవ్వు ఆమ్లములలో కర్బన పరమాణువుల నడుమ ద్విబంధములు ఎక్కువగా నుండుటయే ఇందుకు ముఖ్యకారణము. సహజమైన నూనెలలో ద్విబంధము నంటియున్న ఉదజని పరమాణువులు రెండును ఒకే ప్రక్క నుండును. ఇది 'సిస్' రూపము. ఇందు ఆమ్లపు గొలుసు వంగియుండును. అవి ఎదురెదురు ప్రక్కల నున్నచో 'ట్రాన్స్' రూపమగును. అప్పుడు గొలుసు ఇంచుమించు తిన్నగా నుండును. తిన్నని గొలుసులు దగ్గరగా చేరి సులభముగా గడ్డకట్టును. సిస్ రూపమగు ఓలియిక్ ఆమ్లము సుమారు 13 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. దాని ట్రాన్స్ రూపమగు ఎలైడిక్ ఆమ్లము కరుగుటకు సుమారు 45 డిగ్రీలు కావలెను.

ట్రాన్స్ క్రొవ్వులు మన ఆహారములోనికి రెండు త్రోవల వచ్చును. మొదటిది ప్రకృతి చూపిన త్రోవ. ఆవు, గేదె, మేక వంటి నెమరువేయు జంతువుల పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని క్రొవ్వును మార్చునపుడు కొంత ట్రాన్స్ క్రొవ్వు పుట్టి, పాలలోను మాంసములోను చేరును. ఇందు ముఖ్యమైన వాక్సెనిక్ ఆమ్లమును 1928లో బెర్‌ట్రామ్ కనుగొనెను.

రెండవ త్రోవ మానవుడు వేసినది. 1901లో జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ నికెల్ సాయముతో నూనెకు ఉదజనిని చేర్చి దానిని గట్టిపరచెను. 1911లో అమెరికాలో క్రిస్కో, 1937లో మన దేశములో డాల్డా ఈ పద్ధతిననుసరించియే బజారులోనికి వచ్చినవి. ఉదజని పూర్తిగా చేరినచో ద్విబంధములే మిగులవు గనుక ట్రాన్స్ రూపమునకు తావుండదు. కాని వెన్నవలె మెత్తగా నుండుటకై ఈ చర్యను మధ్యలో ఆపినచో, మిగిలిన ద్విబంధములలో పెక్కు ట్రాన్స్ రూపమును పొందును.

ఇట్లు తిన్న క్రొవ్వు ఏమగుచున్నది? ట్రాన్స్ బంధము సుమారు 10.3 మైక్రానుల పరారుణ కిరణములను పీల్చుకొనును. ఈ గుర్తుతో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడ్ కుమ్మెరో, ఆయన సహచరులు మానవ కణజాలములను పరీక్షించి, వానిలో ట్రాన్స్ ఆమ్లములున్నవని 1957లో ప్రకటించిరి. దేహము వీనిని చెప్పుకొనదగినంతగా తయారుచేసికొనదు. కనుక అవి భోజనమునుండి వచ్చినవే. చర్మము క్రింది క్రొవ్వు రక్తమువలె త్వరగా మారదు. అది పెక్కునెలల తిండికి చిట్టా వంటిది. ద్విబంధము గొలుసులో ఏ స్థానమున నున్నదో చూచి, ఆ క్రొవ్వు పాలనుండి వచ్చినదా, గట్టిపరచిన నూనెనుండి వచ్చినదా అనునదియు కొంతవరకు ఊహింపవచ్చును.

దేహములో ఉన్నంత మాత్రమున హాని రుజువు కాదు. అందుకు మరి ముప్పదిమూడేండ్లు పట్టెను. 1990లో హాలెండు శాస్త్రజ్ఞులు మెన్సింక్, కాటన్ 59 మందికి మూడేసి వారములు ట్రాన్స్ క్రొవ్వు అధికముగా గల ఆహారము పెట్టిచూడగా, వారి రక్తములో చెడు కొలెస్టరాల్ పెరిగి మంచిది తగ్గెను. 1993లో విలెట్ బృందము 85,095 మంది నర్సుల వివరములు పరిశీలించి, ఈ క్రొవ్వులకు గుండెజబ్బుతో సంబంధమున్నదని చూపెను.

2003లో డెన్మార్కు నిబంధన చేసెను. కుమ్మెరో 2009లో, తన 94వ ఏట, నిషేధము కోరుచు అమెరికా ప్రభుత్వమునకు అర్జీ పెట్టెను. 2013లో కోర్టు కెక్కెను. 2015లో పాక్షికముగా ఉదజని చేర్చిన నూనెలు సురక్షితములు కావని అక్కడ నిర్ణయమైనది. మన దేశములో 2022 నుండి వనస్పతి, నూనెలలో ట్రాన్స్ క్రొవ్వు 2 శాతమునకు మించరాదు.

ఆహారపు పొట్లములపై ట్రాన్స్ క్రొవ్వు పరిమాణము తెలుపవలెనను నియమము అమెరికాలో 2006లో అమలునకు వచ్చెను. 2000, 2009 సంవత్సరముల నడుమ అచటి తెల్లజాతి వయోజనుల రక్తములో ఈ ఆమ్లములు 58 శాతము తగ్గినవి. భోజనమునుండి వచ్చినది భోజనము మారగనే తగ్గెను.