సుల్తాన్ బజారు: నగరం నడుమ ఒక సరిహద్దు



పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురి పెళ్లి బట్టలకని హైదరాబాదు వెళ్లాం. సిరోంచలో తెల్లవారుజామున బయలుదేరి, కాళేశ్వరం వంతెన దాటి, పొద్దుగూకే లోపల కోఠీలో దిగాం. మా ఇంటి ఆడవాళ్లకు సుల్తాన్ బజారు అంటే చీరలు, గాజులు, జాకెట్టు గుడ్డలు. బేరమాడే ఓపిక ఉన్నవాళ్లకు అది స్వర్గమే. నాకు మాత్రం ఆ వీధిలో నిలబడితే మన నది ఒడ్డు గుర్తుకు వచ్చింది. ఎందుకో చెబుతాను.

సిరోంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమని మన పెద్దలు చెప్పగా విన్నాం. అది ఇంగ్లీషువాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అవతలి ఒడ్డు నిజాం ఇలాకా. ఇవతల కల్దారు రూపాయి, అవతల హాలీ సిక్కా. నూరు కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలు లెక్క. పడవ దిగితే రూపాయి మారేది, పోలీసు మారేవాడు, కచేరీ భాష మారేది. ఇళ్లలో మాట మాత్రం రెండు ఒడ్లనా తెలుగే. హైదరాబాదులో ఇలాంటి సరిహద్దే ఒకటి బజారుల మధ్య ఉండేది. దాన్ని దాటడానికి పడవ అక్కరలేదు, వీధి దాటితే చాలు.

కోఠీ అంటే పెద్ద భవంతి. ఆ పేట పేరు బ్రిటిష్ రెసిడెంటు భవనం వల్ల వచ్చింది. 1798లో రెసిడెంటు అయిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టించాడు. ఖర్చు నిజాం ఖజానాది. దీని గురించి ఒక కథ చెప్పుకొంటారు. కిర్క్‌పాట్రిక్ ముందు పెద్ద కాగితం మీద నక్షా గీయించి తీసుకుపోతే, ఇంత జాగానా అని నిజాం అలీఖాన్ కాదన్నాడట. అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీయించి చూపిస్తే సరేనన్నాడట. పటంలో స్కేలు చూడకపోతే ఎంత పని జరుగుతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఎత్తయిన స్తంభాలు, మెట్లు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఘోషాలో ఉండే ఆమె ముందు వైపుకు వచ్చి భవనాన్ని చూడలేదు కనుక, ఆమె తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులను కూడగట్టి ఈ రెసిడెన్సీ మీదనే దాడి చేశారు. దాడి ఓడిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత పట్టుకొని చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీలో వాళ్ల పేర స్మారక స్తంభం ఉంది. బస్సు కోసం పరుగెత్తేవాళ్లు దాని పక్కనుంచే పోతుంటారు. 1949 నుంచి ఆ భవనంలో ఆడపిల్లల కళాశాల నడిచింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు రెసిడెంటు అధికారం కింద ఉండేవి. నిజాం పోలీసు అక్కడ చెల్లడు. 1933లో అవి తిరిగి నిజాం చేతికి వచ్చాకనే సుల్తాన్ బజారు అన్న పేరు స్థిరపడింది. అంతకుముందు అది రెసిడెన్సీ బజారు. 1901 సెప్టెంబరు 1న అక్కడ రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఒక తెలుగు గ్రంథాలయం పుట్టింది. పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. దాన్ని నిలబెట్టినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ముఖ్యులు. ఆయన చదువుకున్నది ఎక్కడనుకున్నారు? మన నాగపూర్‌లో. అక్క భండారు అచ్చమాంబ గారి ఇంట ఉండి చదువుకున్నారు. మరాఠీలో వ్యాసాలు రాశారు. తర్వాత తెలుగులో శివాజీ చరిత్ర రాశారు, విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మరాఠీలో చదివి తెలుగుకు పని చేసిన మనిషి అనగానే మన వైపువాళ్లకు ఆయన చుట్టం లాగా అనిపించడం సహజం.

అదే పేట దగ్గర మరాఠీవాళ్లు 1907లో వివేకవర్ధిని పాఠశాల పెట్టారు. 1921 నవంబరులో దాని సభామందిరంలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. మన పిల్లల మరాఠీ పుస్తకాల్లో పాఠంగా వచ్చే కర్వే గారే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో గోల, ఎకసెక్కపు చప్పట్లు. ఆయన మాట్లాడలేక కూర్చున్నారు. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు దాన్ని మోశారు. అది పెరిగి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ అయింది.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఇబ్బందిగా ఉంటుంది. మరాఠీ పుస్తకాలే నాకు అన్నం పెట్టాయి. కర్వే గారంటే నాకు గౌరవం. అయినా ఆ చప్పట్లు చెవిలో పడుతూనే ఉంటాయి. మా బడిలో కొత్తగా చేరిన పిల్ల మరాఠీ రాక తెలుగులో జవాబు చెబితే తరగతంతా నవ్విన రోజులు నేను చూశాను. ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను.

ఆదివారం పొద్దున మా అబ్బాయిని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకుపోయాను. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి వాడు రాత్రి నిద్రపోలేదు. వచ్చేటప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూశాం. ఆరో నిజాం కొలువులో ఉండి అక్కడ దుకాణం పెట్టిన ఆర్మీనియన్ ఆబిడ్ పేరు ఆ కూడలికి ఉండిపోయింది. అంతకంటే అక్కడ చెప్పుకోదగ్గది నాకు కనిపించలేదు. పుస్తకాలు మాత్రం చవక.

సోమవారం ఆడవాళ్లు గాజుల దుకాణంలో కూర్చున్నారు. సుల్తాన్ బజారు మీదుగా 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో రైలు నడుస్తోంది. వీధి పోతుందని వ్యాపారులు ఎంతో పోరాడినా లైను వచ్చింది. వీధి నీడ పట్టున బతుకుతోంది. నేనూ అబ్బాయీ వెతుక్కుంటూ భాషానిలయం దగ్గరికి పోయాం. వాడు తొమ్మిదో తరగతి, మరాఠీ మీడియం. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడుతాడు, అక్షరం రాదు. తప్పు వాడిది కాదు, నాది. బోర్డు వైపు చూసి "బాపూ, గిదేం రాసిండ్రు?" అన్నాడు.

చెప్పెయ్యబోయి ఆగాను. చేతిలోని రసీదు వెనక ఒక్కొక్క అక్షరం రాసి, పక్కన దేవనాగరి రాసి ఇచ్చాను. ఆ పేరు ఎంత పొడుగో మీకు తెలుసు. వాడు బోర్డునూ రసీదునూ చూసుకుంటూ "శ్రీ... కృ... ష్ణ..." అని కూడబలుక్కుంటున్నాడు. "దేవరా" దాకా వచ్చాడో లేదో మా ఇంటావిడ ఫోను. "ఎక్కడున్నరు? రసీదు లేందే బట్టలిస్తలేరు, జల్ది తీసుకురండి."