తరవాత ఏం చదవాలి? కోఠీ నుంచి కొండాపూర్ దాకా

కొండాపూర్‌లో ఫోన్ మీద ఒక నవల కొంటే, డబ్బు కట్టేలోపే దాని కింద మరో ఐదారు అట్టబొమ్మలు వరసగా వచ్చి నిలబడతాయి. ఇది కొన్నవాళ్లు అవి కూడా కొన్నారని వాటి భావం. నచ్చిన పుస్తకాన్ని పట్టుకుని దానికి చుట్టమైన మరో పుస్తకాన్ని వెతుక్కోవడం మాత్రం ఫోన్లకన్నా ఎంతో పాత అలవాటు. హైదరాబాదు తెలుగు పాఠకులకు సంబంధించినంతవరకు ఆ అలవాటుకు 120 ఏళ్లు పైబడ్డ చరిత్ర ఉంది. అది మొదలైన చోటు కొండాపూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కోఠీ ప్రాంతం.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దానికి అండగా నిలిచారు. నిజాం రాజ్యంలో అప్పటికి పాలనా భాష ఉర్దూ. తెలుగు చదువుకు బడిలో చోటు తక్కువ, తెలుగు అచ్చుయంత్రాలు ఇంకా తక్కువ. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. ఆ కాలపు గ్రంథాలయాల్లో పుస్తకాలు సాధారణంగా బీరువాల్లో తాళం వెనక ఉండేవి. పాఠకుడు పట్టికలో పేరు చూసి అడిగితే లోపలి మనిషి తీసి ఇచ్చేవాడు. అందువల్ల తరవాతి పుస్తకం ఏదన్నది చాలావరకు ఆ లోపలి మనిషి చదువు మీద, అతని మనసు మీద ఆధారపడేది. చలం ‘మైదానం’ లాంటి పుస్తకాలు బల్ల మీదుగా కాక చేతులు మారుతూ, మరో పుస్తకం అట్ట తొడుక్కుని తిరిగాయంటే కారణం కొంతవరకు ఇదే.

కొమర్రాజు లక్ష్మణరావుకు పుస్తకాలు పోగుచేస్తే చాలదని తెలుసు. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో దాని గ్రంథమాల మొదలైంది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగాన్ని 1910లో తెచ్చింది కూడా ఈ మండలే. కొద్ది కాలానికే దాని కార్యస్థానం మద్రాసుకు మారింది. తరవాతి పుస్తకం ఎంపిక ఇక్కడ పూర్తిగా కొత్త దారి తొక్కింది. చందాదారు ముందే డబ్బు కట్టి మాలలో చేరితే చాలు, అచ్చయిన పుస్తకం అచ్చయినట్టు తపాలాలో ఇంటికి వచ్చేది. లింకన్ చరిత్ర చదివినవాడు ఆ తరవాత చరిత్రో, శాస్త్రమో, నవలో చదవాలని సంపాదకుడే నిర్ణయించేవాడు. పాఠకుడి ఇష్టాన్ని కనుక్కునే పని లేదు. అతన్ని తీర్చిదిద్దడమే ఉద్దేశం. ఇప్పటి కొలతల్లో ఇది పెత్తనంలా కనిపించవచ్చు. కానీ జీవశాస్త్రమూ రసాయనశాస్త్రమూ తెలుగులో చదవవచ్చని అప్పటి పాఠకుడికి ఎవరో ఒకరు చెప్పి తీరాలి. అడిగే పాఠకుడు పుట్టకముందే పుస్తకం పుట్టిన కాలం అది.

గ్రంథమాలలు పెరిగినకొద్దీ అట్టల లోపలి వైపు, చివరి పేజీల్లో జాబితాలు నిండాయి. మాలలో ఇంతవరకు వచ్చినవి, అచ్చులో ఉన్నవి, వెల, తపాలా ఖర్చు, దొరికే చోటు అన్నీ అందులోనే. 1854లో మొదలైన మద్రాసు వావిళ్ల వారి పుస్తకాల పట్టిక కావ్యాలు చదివే ఇళ్లకు దాదాపు పాఠ్యప్రణాళికలా ఉపయోగపడింది. ఒక పుస్తకం చివరి పేజీ మరో పది పుస్తకాలకు ద్వారమైంది. చందా కట్టని పాఠకుడికి కూడా పోస్టుకార్డు ఒక్కటి రాస్తే సరిపోయేది.

కోస్తా జిల్లాల్లో ఈ పని గ్రంథాలయోద్యమం చేతికి వచ్చింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. దాని వెనక తిరిగిన చక్రం అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణం తెనాలి ప్రాంతపు కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిపాడు. పడవ ఆగిన రేవులో పుస్తకం తీసుకున్నవాడు, అది మళ్లీ వచ్చేలోగా చదివి ఉంచాలి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో రెండు ఈ చరిత్రకు నేరుగా సంబంధించినవి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని ఒకటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని మరొకటి. రెండోది మొదటిదానికన్నా కష్టం. అల్మరాలో పడి ఉన్న పుస్తకం నోరు తెరిచి పిలవదు కాబట్టి, దాని తరఫున మాట్లాడటం గ్రంథపాలకుడి ఉద్యోగంలో భాగమని రంగనాథన్ వాదన.

తెలంగాణలో ఆ మాట్లాడే పని చేసినవాళ్లలో వట్టికోట ఆళ్వారుస్వామిది ప్రత్యేక స్థానం. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టి, వంటమనిషిగా, హోటల్లో సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా బతికిన మనిషి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. దేశోద్ధారక అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బిరుదు. ఆళ్వారుస్వామి ప్రచురించడంతో ఆగలేదు, పుస్తకాల కట్ట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. బహిరంగ సభకు ముందస్తు అనుమతి కావాలనే గష్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. గ్రంథాలయ వార్షికోత్సవమే సభ, పుస్తకం అమ్మే మనిషే వార్తాహరుడు. కొనేవాడి ముఖం చూసి కట్టలోంచి పుస్తకం తీసే అమ్మకందారు ఇంకో పనీ చేస్తాడు: కిందటిసారి ఇచ్చింది చదివాడో లేదో అడుగుతాడు. ఏ పట్టికా అడగని ప్రశ్న అది. ‘ప్రజల మనిషి’ నవల రాసిన చెయ్యి అంతకుముందు చాలా ఏళ్లు ఇతరుల పుస్తకాలు మోసింది. అదే కాలంలో కె.సి. గుప్త అణా గ్రంథమాల ఒక్క అణాకే పుస్తకం ఇచ్చింది. వెల అంత తక్కువైతే పాఠకుడు తెలియని పేరును కూడా నమ్మి చూస్తాడు.

సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ను కూడా ఈ వరసలోనే చూడాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను ఒకచోట చేర్చిన సంకలనం అది. ఎవరిని చదవాలో తెలియనివాడికి అంతకు మించిన చిట్టా అప్పట్లో లేదు.

స్వాతంత్ర్యం తరవాత ప్రభుత్వాలు చట్టాలు చేశాయి. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. జిల్లాకో గ్రంథాలయ సంస్థ వెలిసింది, పుస్తకాల కొనుగోలుకు నిధులు కుదిరాయి. ఇవన్నీ జరుగుతుండగానే సామాన్య పాఠకుడి తరవాతి పుస్తకం గ్రంథాలయం గోడలు దాటి రైల్వే ప్లాట్‌ఫారం మీదికి చేరింది.

కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలల రచయితగా పేరు పొందాడు. ఆయన పాఠకుడికి సలహా చెప్పేవాళ్ల అవసరమే లేదు. కొవ్వలి తరవాత ఇంకో కొవ్వలి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలదీ అదే తీరు. ఎమెస్కో 1960ల్లో జేబు పుస్తకాలు తెచ్చి, ఇంటింటా సొంత గ్రంథాలయం అనే పిలుపుతో చందాదారులకు పుస్తకాలు పంపింది. విజ్ఞానచంద్రికా మండలి పద్ధతే ఇది. కాకపోతే ఈసారి ఎంపికలో పాఠకుల అభిరుచి కూడా కలిసింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నచ్చినవాళ్లకు ఇంకేం నచ్చుతుందో ప్రచురణకర్తలకు అమ్మకాలే చెప్పాయి.

వారపత్రికల సీరియళ్లు మరో మార్గం. ఇంట్లో అందరి చదువూ అయ్యాక సీరియల్ పేజీలను జాగ్రత్తగా చింపి, వారం వారం పేర్చి, ఆఖరి భాగం రాగానే దబ్బనంతో కుట్టి అట్ట వేయడం చాలా తెలుగు ఇళ్లలో ఉండేది. ఆ కుట్టు పుస్తకంలో నవల పేజీల వెనక సగం వంటల శీర్షిక, ఇంకో చోట తలనూనె ప్రకటన, మధ్యలో ఒక వారం దొరకక ఖాళీ. మరో నవల తాలూకు ఆఖరి పేరా కూడా అప్పుడప్పుడు అందులో చిక్కుకునేది. ఆ తెగిన పేరా చదివి, అదేమిటో తెలుసుకోవాలని పక్కింటి కుట్టు పుస్తకం అడిగి తెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఇలాంటి పుస్తకాలకు వెల లేదు, పట్టికలో పేరు లేదు. వీధిలో మాత్రం మంచి గిరాకీ ఉండేది.

1970, 80లలో అద్దె పుస్తకాల దుకాణాలు ప్రతి పేటలోనూ నడిచాయి. ముందు కొంత డిపాజిట్, ఆపైన రోజుకింత అద్దె. దళసరి అట్ట, వెనక తేదీల కాగితం, అంచుల్లో పెన్సిలుతో పాత పాఠకుల వ్యాఖ్యలు ఉండేవి. కథ ముగింపు ముందే రాసి పెట్టే దుర్మార్గులూ ఉండేవాళ్లు. దుకాణదారుకు ప్రతి ఖాతాదారు రుచీ కంఠతా వచ్చు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తిరిగి ఇచ్చినవాళ్ల చేతిలో ఇంకేం పెట్టాలో అతనికి క్షణం పట్టేది కాదు. అతని నోట్‌బుక్‌లో ఒక్కో సభ్యుడికీ ఒక పేజీ. ఏ పుస్తకం తరవాత ఏది వెళ్లిందో తేదీలతో సహా అందులో ఉండేది. సైబరాబాదులో తరవాత కాలంలో కంపెనీలు కోట్లు పెట్టి పోగుచేసిన సమాచారం సరిగ్గా ఈ తరహాదే. 1990ల్లో కేబుల్ టీవీ ఇళ్లలోకి వచ్చాక ఈ దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ నోట్‌బుక్కులు చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి.

కాలక్షేపం దాటి వెతికేవాళ్లకు వేరే దారులు తెరిచే ఉన్నాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్లలోనే ‘ఏడు తరాలు’ తెచ్చి, అనువాదాల వెంట నడిచే పాఠకులను తయారు చేసుకుంది. కాచిగూడ నవోదయలో బల్ల దగ్గర జరిగే మాటలు, ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరుచుకునే పాత పుస్తకాలు నగరపు చదువరులకు తెలిసినవే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం గత శతాబ్దపు నూరు తెలుగు పుస్తకాల మీద ప్రసంగాలు చేయించింది. అవి ‘శతవసంత సాహితీ మంజీరాలు’ పేరుతో పుస్తకమయ్యాక చాలామంది దాన్ని చదవాల్సిన పుస్తకాల చిట్టాగా వాడుకున్నారు.

యంత్రం చెప్పే సలహా అమెరికాలో పుట్టింది. 1994లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం, ఎంఐటీ పరిశోధకులు గ్రూప్‌లెన్స్ అనే పద్ధతిని ప్రకటించారు. ఒకే రుచి ఉన్న పాఠకులను గుర్తించి, ఒకరికి నచ్చినది మరొకరికి చూపించడం అందులోని ఊహ. పాఠకులు లక్షల్లో ఉంటే ఈ లెక్క మోయలేనంత బరువవుతుంది. 1998లో అమెజాన్ దాన్ని తిరగేసింది. మనిషిని మనిషితో పోల్చకుండా పుస్తకాన్ని పుస్తకంతో పోల్చింది. రెండింటినీ కలిపి కొన్నవాళ్లు ఎందరు, యాదృచ్ఛికంగా ఎందరు కొనేవాళ్లు అని చూసి, ఆ తేడాను బట్టి దగ్గరితనం కడుతుంది. అందరూ కొనే పుస్తకం అన్నిటి పక్కనా తేలకుండా ఆపేది ఈ లెక్కే. పట్టిక ముందే సిద్ధమై ఉంటుంది కాబట్టి జవాబు రెప్పపాటులో వస్తుంది. గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లో దీన్ని వివరిస్తూ వ్యాసం రాశారు.

అదే 1998లో, నవంబరు 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది కూడా ఆ ఏడాదే. పక్కనున్న కొండాపూర్ రాళ్లగుట్టల మధ్య పల్లెగా ఉన్నది, పదేళ్లు తిరిగేసరికి అపార్టుమెంట్లతో నిండింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘంతో పాటు జీహెచ్ఎంసీలో కలిసింది. ఫ్లిప్‌కార్ట్ తన మొదటి పుస్తకాన్ని అమ్మిందీ ఆ ఏడాదే, కొన్నది మహబూబ్‌నగర్ పాఠకుడు. 2013లో అమెజాన్ భారతదేశంలో దుకాణం తెరిచింది. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో 15,000 మంది పనిచేయగల ప్రాంగణాన్ని ప్రారంభించింది.

ఇంత జరిగినా తెలుగు పుస్తకానికి ఆ పట్టికలో దక్కింది తక్కువ. 2016 డిసెంబరులో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైతే, ఆ అయిదింటిలో తెలుగు లేదు. 2010 నుంచి హైదరాబాదులో కినిగె లాంటి స్థానిక ప్రయత్నాలే ఆ ఖాళీని కొంత పూడ్చాయి. అచ్చు పుస్తకానిది వేరే చిక్కు. తెలుగు పుస్తకం మామూలుగా వెయ్యి ప్రతులో, అంతకన్నా తక్కువో అచ్చవుతుంది. అందులో కొన్ని పుస్తక ప్రదర్శనల్లో, కొన్ని ఆవిష్కరణ సభల్లో, కొన్ని రచయిత చేతుల మీదుగా వెళ్లిపోతాయి. వెబ్‌సైటు మీద అమ్ముడయ్యే కాసిని ప్రతులతో ఏది దేనికి దగ్గరో తేల్చడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. దానికి తోడు ఒకే పుస్తకం పేరును ఒక అమ్మకందారు తెలుగు లిపిలో, మరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తీరుగా, ఇంకొకరు ఇంకో తీరుగా ఎక్కిస్తారు. యంత్రానికి అవి మూడు పుస్తకాలు. ఉన్న కొద్దిపాటి అమ్మకాలూ మూడు ముక్కలవుతాయి.

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చదివి ముచ్చటపడ్డవాళ్లకు ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఇవ్వాలని తెలుగు చదువరి ఎవరైనా ఠక్కున చెబుతారు. ఊరు వేరు, మతం వేరు, యాస వేరు. బాల్యాన్ని సొంత మాటతో చెప్పే తెగువ ఒకటే. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ పక్కన వంశీ ‘మా పసలపూడి కథలు’ పెట్టడానికి బాపు బొమ్మలు కూడా ఒక కారణమవుతాయి. కొనుగోళ్ల పట్టికలో ఈ కారణాలకు గడి లేదు.

అందుకే కొండాపూర్ తెలుగు పాఠకుల ఎంపిక రెండు పాయలుగా నడుస్తోంది. ఇంగ్లీషు పుస్తకానికి తెర చెప్పిన మాట వింటారు. తెలుగు పుస్తకానికి మనిషినే అడుగుతారు. కొన్ని పుస్తకాల దుకాణాలు ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని కొరియర్‌లో పంపుతున్నాయి. ఇందిరాపార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన కోసం నగరం ఆ చివర నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు. అక్కడి తెలుగు స్టాళ్లలో కొన్న పుస్తకంతో పాటు ప్రచురణకర్త జాబితా కూడా చేతికిస్తారు, వెలలతో సహా.