స్మార్ట్ ఇల్లు: మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లల్లో ఫజర్ వేళకి మోటారు వేయడం మామూలే. వుజూకి నీళ్లు కావాలి, ఇంకాసేపట్లో పిల్లల స్నానాలు. మోటారు వేసిన మనిషి వేరే పనిలో పడతారు. ట్యాంకు నిండి, డాబా మీంచి నీళ్లు పక్కింటి గోడ మీదికి కారి, అవతలివాళ్లు కేకేశాక గానీ గుర్తు రాదు. ఇదే ఇంటికి దుబాయ్ నుంచి సెలవుకి వచ్చిన అబ్బాయి తెచ్చేది మాత్రం రంగులు మారే బల్బు, మాట్లాడే స్పీకరు. పిల్లలు నెల రోజులు ఆడుకుంటారు. ఆ తర్వాత అది మామూలు బల్బే. మోటారు గొడవ అలాగే ఉంటుంది.

హోమ్ ఆటోమేషన్ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఫోన్లో నొక్కితే లైటు ఆరడం మొదటిది. అది నిజానికి పొడవాటి రిమోటు, అంతే. చెప్పిన టైముకి గీజరు వెలిగి, చెప్పిన టైముకి ఆరడం రెండోది. ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగడం, రాత్రి పెద్దవాళ్లు మంచం దిగితే బాత్రూం దారిలో లైటు వెలగడం మూడోది. ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా మొదటిది. ఇంటికి అక్కరకొచ్చేది మూడోది. దానికి చాలాసార్లు ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ముందు బోర్డు విప్పించి చూడాలి

ఏ వస్తువూ కొనకముందు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెండు మూడు స్విచ్ బోర్డులు విప్పించడం మంచిది. మొదట చూడాల్సింది ఎర్త్. పాత ఇళ్లల్లో త్రీపిన్ సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండకపోవచ్చు. వైరున్నా, పెరట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండొచ్చు.

రెండోది ఆర్‌సీసీబీ. మీటరు పక్కన ఎంసీబీలు ఉన్నాయి కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లను. లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో అది పడిపోతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే ఆ చిన్న లీకేజీని పట్టుకుని కన్నుమూసి తెరిచేలోపు లైను కట్ చేస్తుంది. తడి చేతులతో మోటారు స్విచ్ వేసే ఇంట్లో, గీజరు ఉన్న ఇంట్లో ఇది లేకపోతే మొదటి రూపాయి దీని మీదే పెట్టాలి. ఇది ఫోన్‌కి కనెక్ట్ కాదు, ఎవరూ దీన్ని స్మార్ట్ అనరు. కానీ ఇంట్లో దానంతట అదే పనిచేసే వస్తువుల్లో దీన్ని మించింది లేదు. బిగించిన తర్వాత మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తీయించేసి లైను నేరుగా కలిపించుకుంటారు. అలా పడిపోతోందంటే ఎక్కడో లీకేజీ ఉందనో, పాత వైరింగ్‌లో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయాయనో అర్థం. వెతికించాల్సింది ఆ తప్పును. దాని మీదుండే టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూస్తుండాలి.

మూడోది న్యూట్రల్. స్మార్ట్ స్విచ్ లోపల ఉండే చిన్న సర్క్యూట్ ఎప్పుడూ మేలుకొనే ఉండాలి కాబట్టి దానికి ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి. అమెరికా వీడియోల్లో దీని గురించి చాలా హడావుడి కనిపిస్తుంది, అక్కడి పాత ఇళ్లల్లో ఒంటి స్విచ్ పెట్టెల్లోకి చాలాచోట్ల న్యూట్రల్ రాదు. మన దగ్గర నాలుగైదు స్విచ్‌లు, ఒక సాకెట్ ఒకే బోర్డులో ఉంటాయి. సాకెట్ కోసం న్యూట్రల్ ఎలాగూ వచ్చి ఉంటుంది. ఇబ్బందల్లా సాకెట్ లేని బోర్డుల దగ్గర, మెట్ల కింద ఒకటి పైన ఒకటి ఉండే టూ-వే స్విచ్‌ల దగ్గర.

మామూలు స్విచ్‌లు తీసేసి గాజు టచ్ ప్యానెల్ పెట్టడం ఒక పద్ధతి. ఉన్న స్విచ్‌లు ఉన్నట్టే ఉంచి, బోర్డు వెనక చిన్న మాడ్యూల్ పెట్టడం ఇంకో పద్ధతి. రెండోదే నయం. ఇరవై ఏళ్లుగా చీకట్లో చెయ్యి చాపి ఫ్యాను వేసుకుంటున్న దాదీకి ఆ స్విచ్ అక్కడే ఉండాలి, అలాగే పనిచేయాలి. ఇంట్లో ఒక్కరికే అర్థమయ్యే ఏర్పాటు ఆ ఒక్కరూ ఊళ్లో లేనిరోజు మిగతావాళ్లకి శిక్షే.

నీళ్ల మోటారు

ట్యాంకు నిండితే ఆగి, నీళ్లు తగ్గితే మొదలయ్యే ఏర్పాటుకి వాటర్ లెవెల్ కంట్రోలర్ అని పేరు. పైన ట్యాంకులో ఒక సెన్సరు, కింద సంపు ఉంటే అందులో ఇంకొకటి. సంపులోది ముఖ్యం. మున్సిపల్ నీళ్లు రాని రోజు సంపు ఖాళీగా ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటే సీల్ పాడైపోతుంది, ఒక్కోసారి వైండింగ్ కాలిపోతుంది. సెన్సర్లలో స్టీలు కడ్డీలవి ఉంటాయి, నీళ్లమీద తేలే ఫ్లోట్‌వి ఉంటాయి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లలో కడ్డీలకి పొర కట్టి తప్పుడు కబుర్లు చెబుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే రేపల్లె, బాపట్ల ఇళ్లకి ఫ్లోట్ రకమే మన్నుతుంది.

ఆన్‌లైన్లో దొరికే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కి మోటారు తగిలించి పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. తిరిగేటప్పుడు తీసుకునేది ఐదారు ఆంపియర్లే అయినా, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి ప్లగ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఫోన్లో ఆఫ్ అని కనిపిస్తుంది, డాబా మీద మోటారు తిరుగుతూనే ఉంటుంది. అందుకే స్మార్ట్ స్విచ్ ఒక కాంటాక్టర్‌ని ఆడించాలి, మోటారుని కాంటాక్టర్ ఆడించాలి. ఎలక్ట్రీషియన్లకి ఇది తెలిసిన పనే.

గీజరుది మరో లెక్క. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 తీసుకుంటుంది. దీన్ని 6 లేదా 10 ఆంపియర్ల ప్లగ్‌కి తగిలిస్తే ప్లాస్టిక్ కరిగే వాసన వస్తుంది. చలికాలం రమజాన్‌లో సహరీకి ముందు గీజరు వెలిగేలా టైమరు పెట్టుకున్నవాళ్లు ఒకటి మరిచిపోకూడదు. చాంద్రమాన నెల కాబట్టి రమజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, నెలలోనే సహరీ వేళ కూడా మారుతూ పోతుంది. పెట్టిన టైము పెట్టినట్టు వదిలేస్తే కుదరదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు

2010 మే 20న లైలా తుఫాను, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటాయి. ఇలాంటప్పుడు కరెంటు, నెట్ రెండూ పోతాయి. ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. తుఫాను లేని రోజుల్లోనూ వేసవిలో కోతలు ఉంటూనే ఉంటాయి. కాబట్టి ఈ మూడూళ్లలో ఏ స్మార్ట్ వస్తువు కొన్నా అడగాల్సిన మొదటి ప్రశ్న: కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇది ఏ స్థితిలో లేస్తుంది? చాలా వస్తువుల యాప్‌లో దీనికి సెట్టింగ్ ఉంటుంది. ఆఫ్‌గా, ఆన్‌గా, లేదా పోయేముందు ఎలా ఉందో అలా. మోటారుకి, గీజరుకి, ఇస్త్రీపెట్టె పెట్టే సాకెట్‌కి తప్పనిసరిగా ఆఫ్ ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి రెండింటికి కరెంటు రాగానే అవి వాటంతట అవే మొదలవుతాయి.

రెండో ప్రశ్న: నెట్ లేకపోతే ఇది పనిచేస్తుందా? కొన్ని వస్తువులు హాల్లో స్విచ్ నొక్కిన సంగతిని విదేశంలోని సర్వరుకి చెప్పి, అక్కడి నుంచి జవాబొస్తేనే లైటు వెలిగిస్తాయి. కంపెనీ మూతపడితే అవి బొమ్మలే. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేస్తే వాళ్ల వస్తువులు కొన్న ఇళ్లకి అదే జరిగింది. అదే ఏడాది అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం బయటికొచ్చింది. ఆ గుర్తు ఉన్న వస్తువులు వేర్వేరు కంపెనీలవైనా ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకోగలవు. రెండు వస్తువుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే ఆ గుర్తున్నది తీసుకోవడం మంచిది.

వై-ఫై విషయంలో చిన్న చిక్కు. స్మార్ట్ ప్లగ్గుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొత్త రూటర్లు 5 గిగాహెర్ట్జ్ కూడా ఇస్తాయి, ఫోన్ దానికి కనెక్ట్ అయి ఉంటే ప్లగ్ దొరకదు. పాడైందనుకుని వెనక్కి పంపేసినవాటిలో బాగున్నవీ ఉంటాయి. ఇక రూటర్‌ని ఇన్వర్టర్ లైను మీద పెట్టించాలి. అది తినే కరెంటు పది వాట్ల చుట్టూనే.

బిల్లు తగ్గుతుందా?

లైట్ల ఆటోమేషన్‌తో తగ్గదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రెండు గంటలు అనవసరంగా వెలిగితే ఖర్చయ్యేది యూనిట్‌లో యాభయ్యో వంతు కూడా కాదు. పైగా స్మార్ట్ మాడ్యూలు ఇరవై నాలుగు గంటలూ ఒక వాటు అటూ ఇటుగా తింటూనే ఉంటుంది. పది మాడ్యూళ్లు పెడితే నెలకి ఏడు యూనిట్లు అక్కడే పోతాయి.

తగ్గించేది ఫ్యాను. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకి 14 గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకి సుమారు 19 యూనిట్లు మిగులుతాయి. 2022 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన గృహ శ్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే తగ్గుతాయి కాబట్టి 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఒక్క ఫ్యాను మీద నెలకి 110 రూపాయలకి పైనే, 300 కాల్చే ఇంటికి 165 దాకా మిగులు. రిమోటు, టైమరు దానితోనే వస్తాయి. ఈ ఫ్యానుకి పాత రెగ్యులేటర్ మాత్రం తీసేయించాలి.

మాట వినే స్పీకరు, చూసే కెమెరా

అలెక్సా 2019 నుంచి హిందీ అర్థం చేసుకుంటోంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు "పంఖా బంద్ కరో" అంటే దానికి చాలు. నడుము నొప్పితో మంచం దిగలేని పెద్దవాళ్లకి ఇది ఆటవస్తువు కాదు, ఎవరినీ పిలవకుండా తమ పని తాము చేసుకునే వీలు. రాత్రి లైటుకి పెట్టే మోషన్ సెన్సరు కూడా అంతే. ఇది ఒంటి వేడిని, చుట్టూ ఉన్న వేడితో పోల్చి మనిషిని గుర్తిస్తుంది. మే నెలలో గది కూడా ఒంటి వేడికి దగ్గరగా కాగిపోతే కాస్త మందగిస్తుంది. గోడ స్విచ్ కూడా ఉంచాలనేది అందుకే.

కెమెరా గేటు దగ్గర, వీధి వైపు చాలు. హాల్లో, వంటింట్లో పెట్టేముందు ఇంట్లో ఆడవాళ్లని అడగాలి. వచ్చిపోయే చుట్టాల పర్దా సంగతీ ఆలోచించాలి. రియాద్‌లో ఉన్న కొడుకు అమ్మ క్షేమం కోసమే పెట్టించినా, తను కనిపిస్తున్నట్టు అమ్మకి తెలియకపోతే అది క్షేమం కాదు. 2025 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి. బిల్లుతో కొని, దానితో వచ్చిన పాస్‌వర్డ్ ఆరోజే మార్చేయాలి.

యాప్ ఖాతా ఎవరి నంబరు మీద ఉందన్నదీ చిన్న విషయం కాదు. సెలవుకి వచ్చిన అబ్బాయి తన గల్ఫ్ నంబరు మీద తెరిచి వెళ్లిపోతే, రూటర్ మార్చిన రోజు ఓటీపీ అక్కడికి పోతుంది, ఇక్కడ అన్నీ ఆగిపోతాయి. ఖాతా ఇంట్లో ఉండే మనిషి పేరు మీద ఉండాలి, దూరంగా ఉన్నవాళ్లని అందులో సభ్యులుగా చేర్చుకోవచ్చు.

అద్దె ఇల్లయితే బోర్డులు ముట్టుకోకుండా స్మార్ట్ ప్లగ్, ఏసీ రిమోటు బదులు పనిచేసే ఐఆర్ బ్లాస్టర్ వరకే ఆగాలి. ఇల్లు మారిన రోజు రెండూ సంచిలో వేసుకుని వెళ్లిపోవచ్చు. మోటారు కంట్రోలర్ మాత్రం ఇంటి ఓనర్‌తో మాట్లాడి పెట్టించమనడమే మేలు. పక్కింటివాళ్ల కేకలు వినేది ఆయన కూడా.